గోదారి జిల్లాల్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు మొదలుపెట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి, పదిహేనేళ్ళ బట్టీ ఎక్కువగా బ్లాక్ అండ్ వైటే తీస్తున్నాను. చుట్టుపక్కల కాలేజీ పిల్లలు, పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాళ్ళు, రిటైరైన మేష్టార్లు, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామనిపించింది. నెట్‌లో దొరికే పాఠాలన్నీ మంచుకొండలు, ఇసుక ఎడారులు, పెద్ద సిటీ వీధులు చూపించి చెప్తాయి, మనకి ఉన్నవి కొబ్బరి తోట, వరిచేను, కాలవ, గోదారి, ఆ పాఠాలు ఇక్కడికొచ్చేసరికి సగం పనిచెయ్యవు. అందుకని ఇది మన నేలకి సరిపడా రాసింది.

మొదలుపెట్టడానికి ఏ కెమెరా కొనాలండి?

ఏదీ కొనకండి. కనీసం ఒక నెల. మీ జేబులో ఉన్న ఫోన్ చాలు, కెమెరా సెట్టింగుల్లోకి వెళ్ళి మోనో అనో, బ్లాక్ అండ్ వైట్ అనో ఉన్న ఫిల్టర్ పెట్టేయండి, స్క్రీన్ మీద ఊరంతా నలుపు తెలుపుల్లో కనపడుద్ది, ఆ నెలంతా ఫోన్‌ని అలాగే ఉంచేయండి. మొదటి వారం చిరాకుగా ఉంటుంది, బాగుందనుకుని ఫోన్ ఎత్తితే స్క్రీన్ మీద ఏమీ ఉండదు, ఆ చిరాకే మొదటి పాఠం అండి. ఇప్పటికే డీఎస్ఎల్ఆరో మిర్రర్‌లెస్సో ఉంటే ఇంకా మంచిది, పాతదైనా పర్లేదు, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి ఉంటే ఏళ్ళ తరబడి సరిపోద్ది. బ్లాక్ అండ్ వైట్ మాత్రమే తీసే మోనోక్రోమ్ సెన్సర్ కెమెరాలు కూడా ఉన్నాయి, లైకా, పెంటాక్స్ లాంటి కంపెనీలవి, వాటి గురించి ఇప్పుడు ఆలోచించాల్సిన పని లేదు.

కలర్లో తీసేసి తర్వాత మార్చుకుంటే సరిపోదా?

ఫైల్ పరంగా అయితే సరిపోద్ది, అసలు అలాగే చెయ్యాలి కూడా. కెమెరాలో రా (RAW) ఫార్మాట్ పెట్టుకోండి, అంటే కెమెరా పట్టిందంతా మార్చకుండా దాచే ఫైలు, పిక్చర్ స్టైల్ మాత్రం మోనోక్రోమ్ పెట్టండి, అప్పుడు స్క్రీన్ మీద నలుపు తెలుపు కనపడుద్ది గానీ రా ఫైల్లో రంగులన్నీ భద్రంగా ఉంటాయి, ఆ రంగులే తర్వాత ఎడిటింగ్‌లో మనకి పనికొచ్చే సరుకు. జేపెగ్ ఒక్కటే తీస్తే ఆ రంగులు పోతాయి, ఇంక చేసేదేం ఉండదు.

కానీ కలర్‌లో చూసి కలర్‌లో నచ్చి కలర్‌లో తీసి, ఇంటికెళ్ళాక బాలేదని బ్లాక్ అండ్ వైట్ చేస్తే మాత్రం ఎక్కువ సార్లు అది బాగోని ఫొటో లాగే ఉంటుంది. తీసేటప్పుడే నలుపు తెలుపుల్లో చూడాలి. దీనికి పాతకాలం ఉపాయం ఒకటుంది, కళ్ళు సగం మూసి చూడండి, రంగులు మసకబారి ఏది ముదురు ఏది లేత అన్నది బయటపడుద్ది.

మా ఊరు కళ్ళకి ఇంత అందంగా ఉంటుంది, బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే అంతా ఒక బూడిద ముద్దలా వస్తుంది, ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువ మంది అడిగేది ఇదేనండి, నేను చెప్పదలుచుకున్నది కూడా ఇదే, మిగతా ప్రశ్నలు చదవకపోయినా ఇది చదవండి.

మన దగ్గర కనపడేదంతా ఆకుపచ్చ. కొబ్బరి, అరటి, వరి, గట్టు మీద గడ్డి, కాలవలో గుర్రపుడెక్క, అన్నీ పచ్చే. కంటికి వీటిమధ్య తేడా తెలుస్తుంది ఎందుకంటే కన్ను పచ్చలో రకరకాల ఛాయల్ని పట్టుకోగలదు, లేత వరి పసుపు కలిసిన పచ్చ, కొబ్బరాకు నీలం కలిసిన ముదురు పచ్చ, అరటాకు మధ్యలో ఎక్కడో. రంగు తీసేసేటప్పుడు కెమెరా చూసేది వాటి వెలుగు ఎంత అన్నదే, ఆ వెలుగు దాదాపు సమానంగా ఉంటే అన్నీ ఒకే మధ్యస్థం బూడిద అయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వరిచేలో ఎర్రచీర కట్టుకుని కలుపు తీసే మనిషి కూడా అంతే, కంటికి ఎర్రచీర అరుస్తున్నట్టు ఉంటుంది, ఫొటోలో ఆ మనిషి చేలో మాయమైపోద్ది, ఎందుకంటే ఆ ఎరుపూ ఈ పచ్చా వెలుగులో ఒకటే. నా మొదటి ఏడాది ఫొటోలన్నీ ఇలాగే పోయాయి, అప్పుడు కెమెరా మంచిది కాదనుకున్నాను, తప్పు కెమెరాది కాదు.

కాబట్టి మన ప్రాంతంలో బ్లాక్ అండ్ వైట్ అంటే ముందు పచ్చని పచ్చ నుంచి విడదీయడం. దానికి నాలుగు దారులున్నాయి.

మొదటిది ఎదురు వెలుతురు. సూర్యుడు మీ వీపు వెనకాల ఉంటే ఆకులన్నీ ఒకటే బూడిద, అదే సూర్యుడు ఎదురుగా కిందకి ఉన్నప్పుడు అరటాకు గుండా వెలుతురు వచ్చి ఆకు తెల్లగా వెలుగుద్ది, ఈనెలు గీతల్లా లేస్తాయి, పక్కనున్న కొబ్బరి మాను నల్లగా నిలబడుద్ది. అదే చోటు, అదే చెట్టు, మీరు అటు నుంచి ఇటు తిరిగారంతే.

రెండోది మంచు. డిసెంబరు, జనవరి పొద్దున్నే లంకల్లో (గోదారి మధ్య దీవుల్లో), ఏటిగట్టు మీద పడే మంచు మనకి దేవుడిచ్చిన వరం అనే చెప్పాలి, దగ్గరి కొబ్బరిచెట్టు నల్లగా, దాని వెనకాలది బూడిదగా, ఆ వెనకది ఇంకా లేతగా, వరసలు వరసలుగా విడిపోతాయి. భోగి రోజుల్లో ఆరింటికల్లా గట్టు మీద ఉండండి, ఎనిమిది దాటితే ఎండ వచ్చి మళ్ళీ అంతా ముద్దే.

మూడోది నీళ్ళు. సార్వాకి జులై, ఆగస్టుల్లో, దాళ్వాకి జనవరి ప్రాంతంలో ఊడ్పులప్పుడు చేలన్నీ అద్దాల్లా ఉంటాయి, ఆకాశం అందులో తెల్లగా కనపడుద్ది, దాని మీద ఊడ్చే ఆడవాళ్ళ వంగిన నడుములు, నారు కట్టలు నల్లటి గుర్తుల్లా పడతాయి. ఒక్క నెలయ్యాక అదే చేను చూస్తే పచ్చ తివాచీ, బ్లాక్ అండ్ వైట్‌కి అందులో ఏమీ ఉండదు.

ఇక నాలుగోది ఫిల్టరు గానీ, ఎడిటింగ్‌లో ఒక్కో రంగు ఎంత వెలగాలో జరిపి మార్చే రంగు స్లైడర్లు గానీ. చాలామంది ఆకుల్ని మార్చాలంటే పచ్చ స్లైడర్ ఒక్కటే కదుపుతారు, నిజానికి ఆకుల్లో ఎక్కువ భాగం పసుపు స్లైడర్ కింద ఉంటుంది. పసుపు పైకి లేపి పచ్చ కిందకి దించండి, లేత వరి వెలుగుద్ది, కొబ్బరి ముదురవుద్ది, రెండూ విడిపోతాయి. నాకు ఇది తెలియడానికి మూడేళ్ళు పట్టింది, మీకు ఇప్పుడే తెలిసిపోయింది.

రంగు ఫిల్టర్లు ఎందుకు వాడతారు, ఏది కొనాలి?

సూత్రం చిన్నది, ఫిల్టరు తన రంగుని తేలిక చేసి, ఎదుటి రంగుని ముదురు చేస్తుంది. పసుపు ఫిల్టరు నీలాకాశాన్ని కొంచెం దించి మబ్బుల్ని పైకి తెస్తుంది, నారింజది ఇంకొంచెం, ఎర్రది పెడితే ఆకాశం బాగా నల్లబడి మబ్బులు మెరుస్తాయి. పసుపుకి సుమారు ఒక స్టాప్, ఎరుపుకి మూడు స్టాపుల దాకా వెలుతురు తగ్గుతుంది, ఒక్కో స్టాప్ అంటే వెలుతురు సగానికి సగం పడిపోవడం. ఎర్ర ఫిల్టర్‌లో ఆకులు ముదురైపోతాయి కాబట్టి మన దగ్గర దానితో జాగ్రత్త, కొబ్బరి తోట చీకటి గుహలా అయిపోద్ది. ఆకులు తేలికవ్వాలంటే పసుపుపచ్చ ఫిల్టరు.

ఒక్క సందర్భంలో మాత్రం ఎర్ర ఫిల్టరు మన కోసమే పుట్టిందా అనిపిస్తది. వరదల టైములో గోదారికి ఎర్రనీళ్ళు వస్తాయి కదా, ఆ రోజుల్లో మబ్బు విడిచి కొంచెం నీలం కనపడినప్పుడు ఎర్ర ఫిల్టర్‌తో తీయండి, ఆకాశం నల్లగా, నది తెల్లగా వస్తది, మామూలుగా చూసేదానికి పూర్తిగా తలకిందులు. గట్టు మీంచి భద్రంగా తీయండి, రేవు మెట్లు దిగకండి, ఎర్రనీళ్ళప్పుడు మెట్టు ఎక్కడ ఉందో కనపడదు.

ఈ గాజు ఫిల్టర్లు ఫిల్మ్ వాడేవాళ్ళకే అండి. డిజిటల్ వాళ్ళు కొనొద్దు, ఆ పనంతా రా ఫైల్లో స్లైడర్లతో అవుద్ది. ఫిల్మ్ వాళ్ళు ఒక్కటే కొనాలంటే పసుపు.

తెల్ల పంచె బూడిద రంగులో వస్తుంది, గేదె కూడా బూడిద రంగులోనే వస్తుంది, ఏంటి తేడా?

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకి పంచె తెలీదు, గేదె తెలీదు. తన ముందున్నది ఏదైనా అది మధ్యస్థం బూడిదే అనుకుని ఎక్స్‌పోజర్ లెక్కకడుతుంది. ఫ్రేమంతా తెల్లగా ఉంటే ఇంత వెలుతురేంటని తగ్గించేస్తుంది, అంతా నల్లగా ఉంటే పెంచేస్తుంది. అందుకని కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (+/- గుర్తు) దగ్గర తెలుపు ఎక్కువున్నప్పుడు ప్లస్ 1 నుంచి ప్లస్ 1.5, నలుపు ఎక్కువున్నప్పుడు మైనస్ 1 పెట్టండి. మంచుకి కూడా ప్లస్ 1, లేకపోతే మంచు పొగలా మురికిగా వస్తది. ఫోన్లో అయితే వేలు పెట్టి తాకి పైకో కిందకో జరపడమే. అమెరికా ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో తయారుచేసిన జోన్ సిస్టమ్‌కి కూడా మూలం ఇదే, నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు వేసుకుని మన బొమ్మలో ఏ వస్తువు ఏ మెట్టు మీద కూర్చోవాలో మనమే నిర్ణయించడం. ఇప్పుడే అదంతా బట్టీ పట్టక్కర్లేదు.

నరసాపురం లేసు తీసి చూడండి, దీనికి అంతకంటే మంచి అభ్యాసం లేదు. తెల్ల దారం, తెల్ల అల్లిక, మధ్యలో అల్లే ఆవిడ చెయ్యి. ఎదురు ఫ్లాష్ కొడితే తెల్ల కాగితం ముక్క. కిటికీ పక్కన పెట్టి పక్క నుంచి వెలుతురు రానిస్తే ప్రతి ముడీ నీడ పడుద్ది. తెలుపులో ఎన్ని తెలుపులు ఉంటాయో అక్కడ తెలుస్తుంది.

మనుషుల్ని తీసేటప్పుడు ఏం చూసుకోవాలి?

మొదట అడగండి. "బాబాయ్ గారూ, ఒక ఫొటో తీసుకోనా అండి" అని ఒక్క మాట, మన వైపు కాదనేవాళ్ళు తక్కువ, కాదంటే నవ్వి వచ్చేయండి. తీశాక ప్రింటు వేయించి తీసుకెళ్ళి ఇవ్వండి, ఫోన్‌కి పంపిస్తే చాలదు. నేను సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద పనిచేసే ఒకాయనకి ప్రింటు తీసుకెళ్ళి ఇచ్చాను, ఆ తర్వాత పంటు మీద ఎక్కడ నిలబడితే వెలుతురు బాగుంటదో ఆయనే పిలిచి చూపించేవాడు.

రెండోది వెలుతురు. మిట్ట మధ్యాహ్నం ఎండలో ముఖం తీయొద్దు, కళ్ళ కింద గుంటలు పడతాయి. అరుగు మీదో, వీధి గుమ్మం లోపల రెండడుగులు వెనక్కో కూర్చోబెట్టండి, బయట ఎండ నేల మీద పడి మెత్తగా లోపలికొస్తది, మన పెంకుటిళ్ళ గుమ్మాలు స్టూడియో లైట్ల కంటే మంచివి. వానాకాలం మబ్బు రోజు కూడా ముఖాలకి చాలా బాగుంటుంది.

మూడోది, దయచేసి వినండి, ముఖాల్ని తెల్లబరచకండి. బ్లాక్ అండ్ వైట్‌కి మార్చగానే మనవాళ్ళు ఎరుపు, నారింజ స్లైడర్లు లాగేసి చర్మాన్ని పాలలా చేసేస్తున్నారు, ముఖంలో ఉన్న గీతలు, చెమట మెరుపు, ఎండకి కాగిన చర్మం అన్నీ పోయి సబ్బు ప్రకటన మిగులుద్ది. చేలో, చేపల రేవులో పనిచేసేవాళ్ళ నల్లటి చర్మం మీద వెలుతురు పడి మెరిసే తీరు ఈ కళలో ఉన్న గొప్ప అందాల్లో ఒకటి. ముదురు చర్మాన్ని ముదురుగానే ఉంచి, నుదుటి మీద, చెంప ఎముక మీద మెరుపు వచ్చేలా పక్క వెలుతురులో తీయండి.

పాత ఫొటోల్లో మామ్మల బొట్టు నల్లగా ఉంటుంది ఎందుకు?

తొలినాటి ప్లేట్లు, ఫిల్ములు చాలావాటికి ఎరుపు కనపడదు, వాటిని ఆర్థోక్రోమాటిక్ అంటారు. ఎరుపు వాటికి నలుపే, అందుకే కుంకుమ, పెదవులు నల్లగా పడతాయి. తర్వాత అన్ని రంగులూ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ము వచ్చింది, ఇప్పుడు వాడేవి దాదాపు అన్నీ అవే.

మన చుట్టుపక్కల ఎక్కడ తీస్తే బాగుంటుంది?

రాజమండ్రి గోదారికి తూర్పు ఒడ్డు, కొవ్వూరు పడమటి ఒడ్డు, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలా తిరుగుడు తప్పుద్ది. సాయంత్రం రాజమండ్రి పుష్కర ఘాట్‌లో ఉండాలి, సూర్యుడు నది మీదకి దిగుతాడు, వంతెనలు నల్లటి గీతల్లా ఆకాశం మీద పడతాయి. పొద్దున్న కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు ఉండాలి, నది మీంచి లేస్తాడు. 1897లో కట్టడం మొదలుపెట్టి, 1997లో రైళ్ళు ఆపేసిన పాత హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, పక్కనే కొత్త ఆర్చ్ వంతెన, ఒక్కోదానికి ఒక్కో గీత, మూడింటినీ వేరు వేరు రోజుల్లో తీయండి, అన్నీ ఒకే ఫ్రేములో ఇరికిస్తే ఏదీ మిగలదు.

మంచుకి లంకలు, నీళ్ళకి ఊడ్పుల చేలు, చెప్పేశాను. అంతర్వేదిలో గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర సాయంత్రాలు నీళ్ళు రెండు రకాల బూడిదల్లో ఉంటాయి. పి.గన్నవరం పాత అక్విడక్టు (ఏటి మీంచి కాలవని దాటించే వంతెన) కమానులు పక్క వెలుతురులో తీయాలి. ఆత్రేయపురంలో పూతరేకు కుండ మీంచి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నప్పుడు అవతల ఉన్న వేళ్ళు నీడల్లా కనపడతాయి, ఆ క్షణం కోసం నేను రెండు రోజులు ఒకే వంటింట్లో కూర్చున్నాను, వాళ్ళు విసుక్కోకుండా టీ ఇచ్చారు. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు (నీళ్ళని చిమ్మి గాలి కలిపే చక్రాలు) ఎదురెండలో తీయండి, షట్టర్ స్పీడు సెకనులో 1/1000 వంతు పెడితే చుక్కలు ముత్యాల్లా ఆగిపోతాయి, స్టాండు వేసి 1/8 పెడితే పొగలా వస్తాయి. ద్రాక్షారామం లాంటి గుళ్ళలో కెమెరాకి అనుమతి ఉందో లేదో ముందు అడగాలి, గర్భగుడి వైపు కెమెరా ఎత్తొద్దు.

కనుమ రోజు జగ్గన్నతోటలో పదకొండు రుద్రుల ప్రభలు చేరతాయి, చాలామంది బ్లాక్ అండ్ వైట్‌లో తీద్దామని వెళ్తారు. ప్రభల మీద గుడ్డల రంగులు పోతే సగం ప్రభ పోయినట్టే, అది కలర్ పండగ. కానీ ప్రభని భుజాలకెత్తుకుని కౌశిక కాలవలోకి దిగేటప్పుడు ఆ మనుషుల ముఖాలు, బిగుసుకున్న నరాలు, నడుము లోతు నీళ్ళు, అది మాత్రం ముమ్మాటికీ నలుపు తెలుపే. కడియం నర్సరీలు కూడా అంతే, పూలు తీయాలనుకుంటే రంగులోనే తీయండి.

ఫిల్మ్‌తో మొదలుపెట్టాలా, డిజిటల్‌తోనా?

డిజిటల్‌తో మొదలుపెట్టండి. వెలుతురు చూడడం వచ్చాక, ఖర్చుకి సిద్ధపడితే ఫిల్మ్. ఒకప్పుడు మన ఇళ్ళలో ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది, రీలుకి పన్నెండు బొమ్మలు, ఊటీలో ప్రభుత్వ కంపెనీ తయారుచేసిన ఇందు ఫిల్ము స్టూడియోల్లో దొరికేది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్, కోడక్ ట్రై-ఎక్స్, కెంట్‌మియర్, ఫోమా లాంటివి. మొదటి రీలుకి 400 స్పీడు (ఐఎస్‌ఓ) తీసుకోండి, మబ్బులోనూ అరుగు మీదా సరిపోద్ది. మీటరు లేకపోతే పాత లెక్క ఒకటుంది, గట్టి ఎండలో లెన్సు ఎపర్చరు ఎఫ్ 16, షట్టరు ఫిల్ము స్పీడుకి దగ్గర్లో ఉన్న అంకె, అంటే 400కి 1/500.

ఒకే రకం ఫిల్ము పది రీళ్ళు తీయండి, పది రకాలు ఒక్కొక్కటి కాదు. రీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వాడే ముందు రెండు గంటలు బయట పెట్టాకే డబ్బా మూత తీయాలి, మన గాలిలో తేమకి లేకపోతే ఫిల్ము మీద చెమట పడుద్ది.

రీలు ఎక్కడ కడుగుతారు?

మన ఊళ్ళ స్టూడియోల్లో బ్లాక్ అండ్ వైట్ కడగడం ఎప్పుడో మానేశారు. హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్లకి కొరియర్ చెయ్యొచ్చు. ఒకసారి నేను పంపిన రెండు రీళ్ళు దారిలోనే పోయాయి, అందులో మా పెద్దమ్మ చివరి ఫొటోలున్నాయి, ఎవర్ని అడిగినా జవాబు లేదు, ఆ బాధతోనే ఇంట్లో కడగడం నేర్చుకున్నాను. ఇల్ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ అని ఒక రకం ఉంది, అది బ్లాక్ అండ్ వైటే అయినా కలర్ రీళ్ళు కడిగే మందుల్లో కడుగుతారు, కలర్ రీలు కడిగే లాబ్ దగ్గర్లో ఉంటే అది వాడుకోవచ్చు.

ఇంట్లో కడగొచ్చా? చీకటి గది కావాలా?

కడగొచ్చు, గది అక్కర్లేదు. వెలుతురు చొరని నల్ల సంచి, మూత ఉన్న ట్యాంకు, థర్మామీటరు, కొలత గ్లాసులు, బొమ్మని బయటికి తెచ్చే మందు డెవలపరు, దాన్ని నిలబెట్టే మందు ఫిక్సరు, ఇంతే. సంచిలో చేతులు పెట్టి ఫిల్ముని స్పూలుకి ఎక్కించి ట్యాంకులో పెట్టి మూతేస్తే ఆ తర్వాతంతా వెలుతురులోనే. ముందు పనికిరాని రీలు ఒకటి పట్టుకుని టీవీ చూస్తూ యాభై సార్లు ఎక్కించి దించండి, చేతులకి రావాలి. మన దగ్గర ఇక్కడే ఒక ఇబ్బంది, సంచిలో చేతులకి చెమట పట్టి ఫిల్ము స్పూలుకి అంటుకుపోద్ది, రాత్రి పూట చెయ్యండి, ఏసీ ఉంటే వేసుకోండి, స్పూలు ఎముకలా ఆరి ఉండాలి.

అసలు సమస్య వేడి. మందుల లెక్కలన్నీ 20 డిగ్రీలకి రాసి ఉంటాయి, మన కుళాయి నీళ్ళు మేలో 30 దాటతాయి, ఆ వేడికి డెవలపరు పరిగెడుతుంది, టైము ఐదు నిమిషాల కంటే తగ్గిపోతే ఫిల్ము మచ్చలు మచ్చలుగా కడగబడుద్ది. నేను చేసేది ఇది, ఐడీ-11 గానీ డి-76 గానీ ఏదో ఒక డెవలపరు తీసుకుని సమానంగా నీళ్ళు కలిపి వాడతాను, హెచ్‌పీ5 ప్లస్‌కి 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9 నిమిషాలు. సీసాలన్నీ ఒక టబ్బులో పెట్టి చుట్టూ ఐస్ వేస్తే 24కి దింపడం కష్టం కాదు, రొయ్యలు, చేపల పుణ్యమా అని మన దగ్గర ఐస్‌కి కొదవలేదు. ఐస్ చుట్టూ వెయ్యాలి, మందులో వెయ్యకూడదు, మందు పలచబడిపోద్ది. డెవలపరు, ఫిక్సరు, కడిగే నీళ్ళు అన్నీ దాదాపు ఒకే వేడిలో ఉండాలి, చల్లటి దాంట్లోంచి వేడి నీళ్ళలో పడేస్తే ఫిల్ము పైపొర ముడతలు పడొచ్చు.

ఫిక్సరు పనిచేస్తుందో లేదో చూడాలంటే రీలు కొస ముక్క ఒకటి వేసి ఎంతసేపటికి తేట పడిందో చూసి దానికి రెట్టింపు టైము పెట్టండి. పాత స్టూడియో వాళ్ళు ఫిక్సరునే హైపో అంటారు. చేతులకి గ్లవ్స్ వేసుకోండి, డెవలపర్లో ఉండే మెటోల్ అనే రసాయనం కొందరి చర్మానికి పడదు. వంటింటి గిన్నెలు వాడొద్దు. వాడేసిన ఫిక్సరులో వెండి కరిగి ఉంటుంది, చేపలకి అది విషం, కాలవలోనో చెరువులోనో పోయకండి, మన ఊళ్ళలో ప్రతి బోదె ఏదో ఒక చెరువుకే వెళ్తుంది. డబ్బాలో పట్టి ఉంచితే ఎక్స్‌రే హైపోలోంచి వెండి తీసేవాళ్ళు తీసుకుంటారు.

మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పర్లేదా?

సముద్రం వైపు ఊళ్ళలో ఇది ఉన్నదే. మందు కలపడానికీ, ఆఖరి కడుగుకీ ఆర్‌ఓ క్యాను నీళ్ళు వాడండి, మధ్యలో కడుగుళ్ళకి మామూలు నీళ్ళు చాలు. ఆఖరి నీళ్ళలో వెటింగ్ ఏజెంటు (నీళ్ళు బొట్లుగా నిలవకుండా జారేలా చేసే మందు) ఒక్క చుక్క వేస్తే మరకలు పడవు. ఆరబెట్టేది బాత్‌రూములో, ఫ్యాను వెయ్యకుండా, దుమ్ము అంటుకుంటే తర్వాత ప్రతి బొమ్మలో తెల్ల చుక్కే.

లెన్సులో సాలెగూడులా తెల్లగా వచ్చింది, ఏంటది?

బూజు. మన తేమకి లెన్సు బీరువాలో తోలు సంచిలో పెట్టి మర్చిపోతే రెండు వానాకాలాలు చాలు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడొచ్చు. బియ్యంలో పెట్టమంటారు కొందరు, వద్దు, పొడి లోపలికి పోద్ది. అన్నిటికంటే మంచిది వారానికోసారి బయటికి తీసి వాడడం.

ప్రింటు వేయిస్తే ఆకుపచ్చగానో గులాబీగానో వస్తుంది, ఎందుకు?

లాబ్‌లో ఉండేది కలర్ పేపరు, మూడు రంగులు కలిపి బూడిద తయారుచేస్తుంది, మందులు కొంచెం అటూ ఇటూ అయినా ఛాయ పడుద్ది. ముందు 4x6 ఒకటి వేయించి పగటి వెలుతురులో చూసి, ఛాయ ఉంటే చెప్పి సరిచేయించి అప్పుడు పెద్దది వేయించండి. మ్యాట్ పేపరు అడగండి. నల్ల ఇంకులు రెండు మూడు రకాలు ఉండే ఇంక్‌జెట్ ప్రింటర్‌లో కాటన్ పేపరు మీద వేయిస్తే ఇంకా నిలుస్తది, ఖర్చు ఎక్కువ. ఏదైనా సరే నెలకి ఒక్కటైనా వేయించండి, ఫోన్ స్క్రీన్ వెనకనుంచి వెలుగుద్ది కాబట్టి నీడలన్నీ బాగున్నట్టే ఉంటాయి, కాగితం మీద పడితేనే ఏ నీడలో ఏముందో బయటపడుద్ది.

మా ఇంట్లో పాత పెళ్ళి ఫొటో గాజుకి అంటుకుపోయింది, ఎలా తీయాలి?

తీయకండి. 1996 నవంబరు తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయి గోడ మీద తాతయ్య అమ్మమ్మల పెళ్ళి ఫొటో తడిసి ఫ్రేము గాజుకి పట్టేసింది, ఆరాక ఊడదీద్దామని మా మావయ్య మెల్లగానే లాగాడు, అమ్మమ్మ ముఖం సగం గాజుతో పాటు వచ్చేసింది. పాత ప్రింటు మీద జిలాటిన్ పొర ఉంటుంది, తడిస్తే జిగురై గాజుకి అంటుకుపోద్ది.

గాజుతోనే ఉంచి ఫొటో తీసుకోండి. వెనక అట్ట వస్తే తీసేయండి, గాజు పైన మెత్తటి గుడ్డతో తుడవండి, ఫొటో ఉన్న వైపు తాకొద్దు. బయట వరండాలో నీడలో నేల మీద పెట్టి, కెమెరా సరిగ్గా పైన స్టాండుకి బిగించి, మీరు నల్ల దుప్పటో నల్ల చొక్కానో వేసుకుంటే మీ నీడ గాజులో పడదు, ఫ్లాష్ వెయ్యొద్దు. కలర్‌లోనే, రా ఫార్మాట్‌లోనే తీయండి, ఎందుకంటే పసుపు మరకలుంటే నీలం ఛానల్లో (ఎడిటింగ్‌లో నీలం ఒక్కటే విడిగా చూపించే పొరలో) అవి ముదురుగా, ఎరుపు ఛానల్లో దాదాపు మాయమై కనపడతాయి, ఎరుపు ఛానల్ ఒక్కటే తీసుకుని బ్లాక్ అండ్ వైట్ చేస్తే మరక చాలావరకు పోద్ది. మా అమ్మమ్మ మిగిలిన సగం ముఖం నేను అలాగే తీసుకున్నాను, ముక్కుపుడక, ఒక కన్ను, నల్లగా పడిన బొట్టులో సగం, ఎనిమిది బై పది సైజులో ప్రింటు వేయించి మావయ్యకి ఇచ్చాను, ఇప్పుడు వాళ్ళ హాల్లో ఉంటుంది.